రాత్రి ఎనిమిది తర్వాత వీడియో కాల్స్ ఎందుకు తెగుతాయి? ముందు క్యూను మీ చేతిలోకి తెచ్చుకోండి

మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు మళ్ళీ చెబుతాను. మీ పట్టణంలో 420 ఇళ్ళకు ఫైబర్ ఇచ్చారు. ఇళ్ళ ఫైబర్లన్నీ వచ్చి కలిసే పెట్టె, అంటే ఓఎల్‌టీ ఒకటి, దానికి ఎనిమిది పాన్ పోర్టులు (ఒక్కో పోర్టు ఫైబర్ చీలి చాలా ఇళ్ళకు వెళ్తుంది), ఓఎల్‌టీ వెనుక మీ రౌటర్, అక్కడి నుంచి పెద్ద ప్రొవైడర్ దగ్గర కొన్న 1 జీబీపీఎస్ లింకు. రాత్రి 8 నుంచి 11 వరకు వీడియో కాల్స్ తెగుతున్నాయి, ఆన్‌లైన్ ఆటలాడే పిల్లలు ఫిర్యాదు చేస్తున్నారు. అయినా గ్రాఫు 720 ఎంబీపీఎస్ దాటడం లేదు, స్పీడ్ టెస్టులో ప్లాను వేగం పూర్తిగా కనిపిస్తోంది. క్యూఓఎస్ (ఏ ట్రాఫిక్ ముందు వెళ్ళాలో చెప్పే సెట్టింగులు) పెట్టి వాయిస్‌కూ వీడియోకూ అధిక ప్రాధాన్యం ఇస్తే సరిపోతుందని ఎవరో చెప్పారు. అది నిజమేనా, ఎక్కడ పెట్టాలి అన్నది మీ సందేహం.

సూటిగా చెప్పాలంటే, ప్రాధాన్యం ఒక్కటే పెడితే మీ సమస్య తీరదు. మీ ఇళ్ళలో కొరత వేగానికి కాదు, ప్యాకెట్లు (డేటా ముక్కలు) క్యూలో నిలబడే సమయం పెరిగిపోతోంది. ఆ క్యూ ఇప్పుడు మీ చేతిలో లేని చోట నిలుస్తోంది: దిగువకు వచ్చే ట్రాఫిక్‌కు (డౌన్‌లోడు) ప్రొవైడర్ రౌటర్‌లో, ఎగువకు వెళ్ళే ట్రాఫిక్‌కు (అప్‌లోడు) చందాదారు ఇంట్లో ఫైబర్ చేరే పెట్టె, అంటే ఓఎన్‌టీలో. ఆ రెండు క్యూలనూ మీ రౌటర్‌లోకి తెచ్చుకుని, అక్కడ ఇంటింటికీ సమానంగా పంచే షేపర్ (వేగాన్ని ఒక పరిమితిలో ఉంచే అమరిక) పెట్టండి. ప్రాధాన్యం అనేది మీరు సొంతంగా ఇచ్చే ఫోను, టీవీ సేవలకు మాత్రమే, అదీ ఒక పరిమితితో.

పదహారేళ్ళుగా యాక్సెస్ నెట్‌వర్కుల్లోనే పనిచేస్తున్నాను. మొదట రాగి తీగ మీద డీఎస్‌ఎల్, ఇప్పుడు ఫైబర్ మీద జీపాన్. ఈ ఫిర్యాదు దాదాపు ప్రతి ఊళ్ళోనూ ఇదే మాటల్లో విన్నాను. అందుకే కారణాలు కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు మీ గ్రాఫు సంగతి. అది ఐదు నిమిషాల సగటు. 300 సెకన్లలో వచ్చినదంతా కూడి భాగిస్తే 720 వచ్చింది, అంతే. లోపల ఏ సెకనులో ఏం జరిగిందో అది చెప్పదు. వీడియో యాప్‌లు ధారగా లాగవు. కొన్ని సెకన్ల ముక్కను ఒక్కసారిగా లాగి, కాసేపు ఆగి, మళ్ళీ లాగుతాయి. రాత్రి తొమ్మిదికి వంద టీవీలు ఇలా లాగుతుంటే కొన్ని సెకన్లు లింకు పూర్తిగా నిండుతుంది, మరికొన్ని సెకన్లు సగం ఖాళీగా ఉంటుంది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2006 నాటి బ్రాడ్‌బ్యాండ్ నాణ్యతా నిబంధనల్లోనే రద్దీ వేళ లింకు వినియోగం 80 శాతంలోపు ఉండాలని, 90 దాటితే రద్దీ ఏర్పడినట్టు లెక్కించాలని పెట్టింది. ఆ మిగతా 20 శాతం వృథా కాదు, ఈ కుదుపులను తట్టుకోవడానికి వదిలిన ఖాళీ. మీ 72 శాతం కాగితం మీద బాగానే ఉంది. కానీ ఒక్కో సెకనుకు కొలిచి చూడండి, ఇంటర్‌ఫేస్ మీద డ్రాప్ కౌంటర్ (చోటు లేక పారేసిన ప్యాకెట్ల లెక్క) చూడండి. కోస్తాలో ఒక చిన్న పట్టణంలో సరిగ్గా ఇలాగే సగటు 68 శాతం ఉండగా, ఓఎల్‌టీకి వెళ్ళే 1 జీ పోర్టులో డ్రాపులు నిమిషానికి వేలల్లో పడుతున్నాయి. ఆ పోర్టును 10 జీకి మార్చిన రాత్రే సగం ఫిర్యాదులు ఆగిపోయాయి. అక్కడ ఏ క్యూఓఎస్ సెట్టింగూ ముట్టుకోలేదు.

మీ దగ్గర ఇరుకు ఎక్కడుందో కూడా లెక్క వేద్దాం. జీపాన్‌లో ఒక్కో పాన్ పోర్టు దిగువకు 2.488 జీబీపీఎస్, ఎగువకు 1.244 జీబీపీఎస్ మోస్తుంది. ఎనిమిది పోర్టులకు కలిపి దిగువన దాదాపు 20 జీబీపీఎస్. మీరు కొన్నది 1 జీబీపీఎస్. కాబట్టి దిగువకు ఫైబర్‌లో ఇరుకు లేనే లేదు. ఇరుకంతా ప్రొవైడర్ మీకు 1 జీబీపీఎస్ అని కత్తిరించే చోట ఉంది. అక్కడ క్యూ నిండినప్పుడు ఏ ప్యాకెట్ ఆగాలో, ఏది పోవాలో నిర్ణయించేది వాళ్ళ పరికరం. ఆ ఇరుకును దాటి వచ్చిన తర్వాత మీ ఓఎల్‌టీలో వాయిస్‌కు మొదటి వరుస ఇచ్చి ప్రయోజనం ఏముంది? జరగాల్సిన ఆలస్యం అప్పటికే జరిగిపోయింది.

అందుకే మొదటి పని: మీ రౌటర్‌లో మొత్తం దిగువ ట్రాఫిక్‌ను 930 నుంచి 950 ఎంబీపీఎస్‌కు షేప్ చేయండి. కొన్నదానికంటే కొద్దిగా తక్కువ పెట్టడం చాలామందికి నచ్చదు, డబ్బు కట్టింది వదులుకోవడం లాగా అనిపిస్తుంది. కానీ ఆ అయిదు శాతం వదిలితేనే క్యూ మీ రౌటర్‌లో నిలుస్తుంది. నిలిచిన చోటే కదా దాన్ని నడిపించగలిగేది. ఇందులో ఒక పరిమితి ఉంది. వచ్చేసిన ప్యాకెట్లను మీరు ఆపుతున్నారు కాబట్టి, పంపేవాడు దాన్ని గమనించి వేగం తగ్గించుకోవడానికి కొంత సమయం పడుతుంది. ఒక్కసారిగా వరదలా వచ్చినప్పుడు ప్రొవైడర్ వైపు కాసేపు క్యూ పేరుకోవచ్చు. అయినా రాత్రంతా అక్కడే నిలవడం పోతుంది.

ఇప్పుడు ఎగువ వైపు. దీన్ని ఒక ఇంటి కథతో చెబుతాను, ఎందుకంటే ఈ విషయం నాకు పూర్తిగా తలకెక్కింది ఆ ఇంట్లోనే.

పదవీ విరమణ చేసిన ఒక మాస్టారు. కూతురు డాలస్‌లో ఉంటుంది. రోజూ రాత్రి ఎనిమిదిన్నరకు వీడియో కాల్, అక్కడ ఉదయం. ఆయనకు అమ్మాయి ముఖం, మాట స్పష్టంగా వస్తున్నాయి. ఆ అమ్మాయి మాత్రం "నాన్నా, మీ గొంతు ముక్కలు ముక్కలుగా వస్తోంది" అంటోంది. మా కుర్రాళ్ళు మూడుసార్లు వెళ్ళి స్పీడ్ టెస్టు చేసి, 50 వస్తోంది కదా అని చూపించి వచ్చారు. నాలుగోసారి నేను వెళ్ళాను. వైఫై వదిలేసి ల్యాప్‌టాప్‌ను రౌటర్‌కు కేబుల్‌తో కలిపి మా గేట్‌వేకు (మా వైపు రౌటర్‌కు) పింగ్, అంటే ప్యాకెట్ వెళ్ళి రావడానికి పట్టే సమయం కొలిచే పరీక్ష, పెట్టి కూర్చున్నాను. 9 మిల్లీసెకన్లు, 9, 10, 9. అంతలో మాస్టారి చిన్నబ్బాయి పెళ్ళి నుంచి ఇంటికొచ్చాడు. చెప్పులు విప్పి లోపలికి అడుగుపెట్టాడు, ఫోను ఇంటి వైఫైకి కలిసింది, పెళ్ళి వీడియోలన్నీ తనంతట తానే క్లౌడ్‌లోకి ఎక్కించడం మొదలుపెట్టింది. తెర మీద 9 ఉన్నది 80 అయింది, 300 అయింది, 650 దగ్గర నిలబడింది. ఒక్క ప్యాకెట్ కూడా పోలేదు, అన్నీ ఆలస్యంగా చేరుతున్నాయి. "ఇదేనా బాబూ?" అన్నారు మాస్టారు నా భుజం మీంచి చూస్తూ. ఇదే, మాస్టారూ.

లెక్క చిన్నదే. ఆ ప్లానులో అప్‌లోడు 10 ఎంబీపీఎస్. దానికి 640 మిల్లీసెకన్ల ఆలస్యం రావాలంటే ఓఎన్‌టీ బఫర్‌లో (ప్యాకెట్లు వేచి ఉండే మెమరీలో) సుమారు 800 కిలోబైట్లు పేరుకుని ఉండాలి. ఫోటోల బ్యాకప్ ఆ బఫర్‌ను నింపేస్తుంది, మాస్టారి మాట ఆ వెనుక నిలబడుతుంది. అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ జీ.114 సిఫారసు ప్రకారం మాట ఒకవైపు చేరడానికి 150 మిల్లీసెకన్లలోపు పడితేనే సంభాషణ సహజంగా సాగుతుంది. సముద్రాలు దాటి డాలస్‌కు చేరడానికే అందులో చాలా భాగం పోతుంది. ఇంట్లోనే 640 పోగొట్టుకుంటే ఇక మాట్లాడేదేముంది? బఫర్లు పెద్దవై ఇలా ఆలస్యం పెరగడానికి కంప్యూటర్ ఇంజినీరు జిమ్ గెటిస్ 2010 ప్రాంతంలో బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టారు. పరికరాలు తయారు చేసేవాళ్ళు ప్యాకెట్ పోకూడదన్న మంచి ఉద్దేశంతోనే పెద్ద బఫర్ పెడతారు, దాంతో ఈ బాధ వస్తుంది.

అప్పటి నుంచి నేను ఫిర్యాదు రాగానే మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: మీకు వాళ్ళు తెగుతున్నారా, వాళ్ళకు మీరు తెగుతున్నారా? వాళ్ళకు మీరు తెగుతుంటే ఎగువ దారి చూడండి. మీకు వాళ్ళు తెగుతుంటే దిగువ దారి, లేదా ఇంటి వైఫై.

మాస్టారి ఇంటికి చేసిన పని ఇది. ఓఎల్‌టీలో ఆయన అప్‌లోడు పరిమితిని 10 నుంచి 100కు పెంచి, అసలు 10 పరిమితిని మా రౌటర్‌కు మార్చాం. దాంతో క్యూ ఓఎన్‌టీలో నిలవడం మానేసి మా రౌటర్‌లో నిలిచింది. అక్కడ ఎఫ్‌క్యూ కోడెల్ అనే క్యూ నడిపే పద్ధతి ఉంది. ఫోను బ్యాకప్ ఇంకా నడుస్తుండగానే పింగ్ 22 దగ్గరికి వచ్చింది. రౌటర్ బాగున్న ఇళ్ళలో ఇదే పని చందాదారు రౌటర్‌లోనే చేయవచ్చు. కానీ 420 ఇళ్ళలో 420 రకాల రౌటర్లు ఉంటాయి. మీ దగ్గర ఒక్కచోట చేయడమే మేలు.

ఎఫ్‌క్యూ కోడెల్ ఏం చేస్తుందో తెలిస్తే ప్రాధాన్యం మీద మీకున్న ఆశ తగ్గుతుంది. కిరాణా కొట్టు ఊహించుకోండి. పెళ్ళి సరుకుల చీటీ పట్టుకుని ఒకరు నిలబడ్డారు. వెనుక ఒక పిల్లవాడు అగ్గిపెట్టె కోసం వచ్చాడు. కొట్టాయన చీటీ పని చేస్తూనే మధ్యలో అగ్గిపెట్టె ఇచ్చి పంపేస్తాడు. పిల్లవాడు ఎవరి అబ్బాయి అని అడగడు, అతని చొక్కా మీద ముఖ్యుడు అని రాసి ఉందా అని చూడడు. అడిగింది చిన్నది, అంతే. ఎఫ్‌క్యూ కోడెల్ కూడా ఒక్కో ఫ్లోను (ఒక కాల్, ఒక డౌన్‌లోడు లాంటి ఒక్కో ధారను) వేరే వరుసలో పెట్టి, కొద్దికొద్దిగా పంపేదాన్ని ముందు వదులుతుంది. పాత జీ.711 కోడింగ్ వాడే వాయిస్ కాల్ ఈథర్‌నెట్ మీద 87 కేబీపీఎస్ మాత్రమే తీసుకుంటుంది, సెకనుకు 50 చిన్న ప్యాకెట్లు. అది అగ్గిపెట్టె. ఇక కోడెల్ భాగం, 2012లో క్యాథ్లీన్ నికోల్స్, వాన్ జేకబ్సన్ రూపొందించినది, క్యూ ఎంత పొడవుందో చూడదు. ప్యాకెట్ క్యూలో ఎంతసేపు నిలబడిందో చూస్తుంది. నిరీక్షణ 100 మిల్లీసెకన్ల పాటు 5 మిల్లీసెకన్ల పైనే ఉంటే అప్పుడు ప్యాకెట్ జారవిడిచి, పంపేవాడికి వేగం తగ్గించుకోమని తెలిసేలా చేస్తుంది. కేక్ అనేది దీని తర్వాత వచ్చిన రకం. ముందు ఇళ్ళ మధ్య, తర్వాత ఒక ఇంటి ఫ్లోల మధ్య సమానంగా పంచడం అందులో సులభం.

మీది మైక్రోటిక్ రౌటర్ అయితే దాని సాఫ్ట్‌వేర్ రౌటర్‌ఓఎస్ 7లో ఈ రెండూ ఉన్నాయి. ఒక హెచ్చరిక: ఫాస్ట్‌ట్రాక్ (ప్యాకెట్లను దగ్గరి దారిలో పంపే సదుపాయం) ఆన్‌లో ఉంటే ప్యాకెట్లు షేపర్ పెట్టిన సింపుల్ క్యూలను దాటేసి వెళ్ళిపోతాయి. అన్నీ పెట్టాను, ఏ మార్పూ లేదు అని నన్ను పిలిచిన ముగ్గురిలో ఇద్దరిది ఇదే కారణం. దాన్ని ఆపితే సీపీయూ భారం పెరుగుతుంది, అది రద్దీ వేళ ఎంత ఉందో చూసుకోండి. రౌటర్ తట్టుకోలేకపోతే మధ్యలో ఒక మామూలు సర్వర్ పెట్టి లిబ్రేక్యూఓఎస్ నడపండి. చిన్న ప్రొవైడర్ల కోసమే తయారైన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ అది, లోపల వాడేది కేక్.

వేగం పరిమితిని రెండు చోట్ల పెట్టకండి. ఓఎల్‌టీలో పెట్టే పరిమితి చాలాసార్లు పోలీసర్ పద్ధతిలో ఉంటుంది, అంటే మించినదాన్ని ఆపకుండా పారేస్తుంది. దాని బర్స్ట్ పరిమాణం (ఒక్కసారిగా వదిలే మొత్తం) చిన్నగా ఉంటే 100 ప్లాను తీసుకున్నవారికి 60 కూడా రాదు. షేపర్ అయితే మించినదాన్ని కాసేపు నిలిపి వదులుతుంది. పరిమితి రౌటర్‌లో ఉంచి, ఓఎల్‌టీలో దానికంటే బాగా ఎక్కువ పెట్టండి.

ఇక డీబీఏ, అంటే ఎగువ దారిలో వంతులు వేసే పద్ధతి. ఎగువ దారిలో ఒక పాన్ పోర్టు మీద ఉన్న ఓఎన్‌టీలన్నీ ఒకే కాంతి దారిని పంచుకుంటాయి. ఇద్దరు ఒకేసారి పంపితే ఇద్దరిదీ చెడిపోతుంది. కాబట్టి ఎవరు ఎప్పుడు ఎంతసేపు పంపాలో ఓఎల్‌టీ చెబుతుంది. ఫ్రేము 125 మైక్రోసెకన్లది. కాలువ నీటికి వంతులు వేసినట్టే ఇది. ఆ వంతులను టీకాంట్ (ఓఎన్‌టీకి ఇచ్చే ఎగువ వాటా) రకాలతో నిర్ణయిస్తారు. ఒకటో రకానికి వాడినా వాడకపోయినా స్థిరమైన వాటా. రెండో రకానికి అడిగినప్పుడు తప్పక ఇచ్చే వాటా. మూడో రకానికి కొంత హామీ, పైన మిగిలితే మరికొంత. నాలుగో రకానికి మిగిలింది మాత్రమే. అయిదోది అన్నిటి కలయిక.

తెలంగాణలో ఒక ఆపరేటర్ చందాదారులకు మంచి చేద్దామని ప్రతి ఇంటికీ స్థిరంగా 20 ఎంబీపీఎస్ కేటాయించాడు. ఒకే పాన్ పోర్టు మీద ఇళ్ళు యాభై దాటాక కొత్త కనెక్షన్‌ను ఓఎల్‌టీ ఒప్పుకోవడం మానేసింది. చూస్తే ఆ పోర్టు మీద వాస్తవ అప్‌లోడు 90 ఎంబీపీఎస్ కూడా లేదు. నీళ్ళు పారుతున్నాయి, పొలాలు ఎండుతున్నాయి. దీనికి వ్యతిరేకమైన తప్పు అందరినీ నాలుగో రకంలో వదిలేయడం. అప్పుడు ఇద్దరు ముగ్గురు భారీగా ఎక్కిస్తే మిగతావాళ్ళు ఆయకట్టు చివరి రైతుల్లా మిగిలిపోతారు. ఇంటర్నెట్‌కు నేను మూడో రకం వాడతాను: ఇంటికి 3 నుంచి 5 ఎంబీపీఎస్ హామీ, గరిష్ఠం విడిగా. పోర్టుకు 64 ఇళ్ళనుకున్నా హామీ మొత్తం 320 దాటదు. మీరు సొంతంగా ల్యాండ్‌లైన్ ఇస్తుంటే దానికి వేరే టీకాంట్, ఒకటి లేదా రెండో రకం, 512 కేబీపీఎస్ చాలు.

ఇక మీరు అడిగిన ప్రాధాన్యం. ఈథర్‌నెట్ ట్యాగులో దీనికి మూడు బిట్లు, అంటే 8 స్థాయిలు. ఐపీ శీర్షికలో డీఎస్‌సీపీ అనే ప్రాధాన్య గుర్తుకు ఆరు బిట్లు, 64 విలువలు, వాయిస్‌కు ఆనవాయితీగా 46. మీ సొంత ఫోనుకు, సొంత టీవీకి ఇవి చక్కగా పనికొస్తాయి, ఎందుకంటే ఆ గుర్తు వేసేదీ మీరే, చదివేదీ మీరే. ఒకే ఫైబర్ మీద టీవీ, ఫోను, ఇంటర్నెట్ మూడూ ఇచ్చే ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ లాంటి నమూనాలో ఇవి తప్పనిసరి. ప్రత్యక్ష ప్రసారంలో పోయిన ప్యాకెట్‌ను మళ్ళీ తెప్పించుకునే వ్యవధి ఉండదు, తెర మీద వెంటనే గళ్ళు పడతాయి. టీవీకి వేరే వీల్యాన్ (అదే ఫైబర్ మీద విడి దారి), మల్టీక్యాస్ట్ (ఒకే ప్రసారాన్ని చూసేవారందరికీ పంచడం), హామీ బ్యాండ్‌విడ్త్ ఇవ్వాలి.

కానీ ఇంటర్నెట్ మీద వచ్చే వాట్సాప్ కాల్‌ను మీరెలా గుర్తుపడతారు? బయటి నుంచి వచ్చేసరికి దారిలో డీఎస్‌సీపీ గుర్తులు చాలావరకు చెరిగిపోయి సున్నాగా వస్తాయి. లోపలి సమాచారం ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. ఒకప్పుడు నేను యూడీపీ (పోయిన ప్యాకెట్‌ను తానుగా మళ్ళీ పంపని రవాణా పద్ధతి) అంతటికీ పై వరుస ఇచ్చాను, కాల్స్ ఎక్కువగా యూడీపీలోనే వెళ్తాయి కదా అని. కొంతకాలం బాగానే పనిచేసింది. తర్వాత యూడీపీ మీదే నడిచే క్విక్ అనే పద్ధతి వచ్చింది, 2021లో ప్రమాణంగా ఖరారైంది, యూట్యూబ్ వీడియోలు కూడా యూడీపీ మీదికి మారాయి. నా పై వరుసలోకి ఊరంతా వచ్చి కూర్చుంది. ఆ నియమాన్ని తీసేశాను, మళ్ళీ పెట్టలేదు.

మరో ప్రమాదం కూడా చూశాను. ఒక కార్యాలయంలోని బ్యాకప్ పరికరం తన ప్యాకెట్లన్నిటి మీదా 46 వేసి పంపేది. స్విచ్ ఆ గుర్తును నమ్మింది, పై వరుసకు పరిమితి లేదు. ఆ ఒక్క పరికరం పనిచేసినంతసేపూ అదే స్విచ్ మీదున్న ఇళ్ళన్నిటికీ అప్‌లోడు స్తంభించింది. చందాదారు నుంచి వచ్చే గుర్తులను గుమ్మం దగ్గరే చెరిపేయండి. పై వరుసకు లింకులో 10 శాతానికి మించని పరిమితి పెట్టండి. సొంత టీవీ ఇస్తుంటే ఛానళ్ళ లెక్క ప్రకారం దానికి విడిగా వాటా కట్టండి.

చట్టం సంగతి కూడా గుర్తుంచుకోండి. నెట్ న్యూట్రాలిటీ (ఏ యాప్‌కూ తేడా చూపకూడదన్న సూత్రం) మీద ట్రాయ్ 2017 నవంబరులో సిఫారసులు ఇచ్చింది, 2018లో టెలికాం శాఖ ఆమోదించి లైసెన్సు షరతుల్లో చేర్చింది. సహేతుకమైన ట్రాఫిక్ నిర్వహణకు అనుమతి ఉంది, కానీ అది అవసరమైన మేరకే, తాత్కాలికంగా, పారదర్శకంగా ఉండాలి. ఫలానా ఓటీటీ ఎక్కువ లాగుతోంది కాబట్టి దాన్ని నొక్కేద్దాం అనే ఆలోచన వద్దు. ఇంటింటికీ, ఫ్లోలకూ సమానంగా పంచడంలో ఏ యాప్ పేరూ చూడనవసరం లేదు. ఆ పద్ధతి నాకు నచ్చడానికి అదీ ఒక కారణం.

ఇవన్నీ చేసినా క్రికెట్ మ్యాచ్ ఉన్న రాత్రి లింకు గంటలకొద్దీ నిండిపోతుంటే బ్యాండ్‌విడ్త్ కొనక తప్పదు. షేపర్ కొరతను న్యాయంగా పంచుతుంది, కొరతను తీర్చదు. కొనేముందు మీ ప్రొవైడర్‌ను క్యాష్ (వీడియోల నకళ్ళు దగ్గర్లో ఉంచే సర్వర్) ట్రాఫిక్ విడిగా ఇస్తారా అని అడగండి. రాత్రి ట్రాఫిక్‌లో పెద్ద భాగం వీడియోదే, దగ్గరి క్యాష్ నుంచి వస్తే ఖర్చూ తగ్గుతుంది, ఆలస్యమూ తగ్గుతుంది.

వైఫై గురించి ఒక్క మాట. 2.4 గిగాహెర్ట్జ్ మీద పక్క ఇళ్ళ రౌటర్లు పది కనిపించే వీధిలో మీరు రౌటర్‌లో ఎంత చేసినా కొన్ని ఇళ్ళలో ఫలితం ఉండదు. అందుకే ఏ కొలతైనా మొదట కేబుల్‌తోనే తీయండి.

రేపు రాత్రి తొమ్మిదికి, ఏ సెట్టింగూ మార్చకముందు, ఎక్కువగా ఫిర్యాదు చేసే రెండు ఇళ్ళకు వెళ్ళండి. కేబుల్ కలిపి మీ గేట్‌వేకు, తర్వాత ప్రొవైడర్ వైపు మొదటి హాప్‌కు (మొదటి రౌటర్‌కు) పింగ్ పెట్టండి. ఖాళీగా ఉన్నప్పుడు ఎంత, పెద్ద ఫైలు దించుతున్నప్పుడు ఎంత, ఎక్కిస్తున్నప్పుడు ఎంత అన్నది రాసుకోండి. దాంతోపాటు మీ రౌటర్ మోడల్, రాత్రి తొమ్మిదికి దాని సీపీయూ శాతం, ఓఎల్‌టీ అప్‌లింక్ పోర్టు డ్రాప్ కౌంటరు ఇక్కడే రాయండి. ఎక్కించేటప్పుడు మాత్రమే పెరిగితే ఓఎల్‌టీ పరిమితులతో, దించేటప్పుడు పెరిగితే 950 షేపర్‌తో మొదలుపెడదాం.